నేషనల్ ఛాంపియన్ ఎవరు? హ్యాంగ్ గ్లైడింగ్ స్కోరింగ్‌పై చర్చ

యాంకర్: హ్యాంగ్ గ్లైడింగ్ అంటే ఇంజిన్ లేని రెక్కకి వేలాడుతూ ఎగరడం. టెక్సస్‌లోని బిగ్ స్ప్రింగ్‌లో అమెరికా హ్యాంగ్ గ్లైడింగ్ నేషనల్స్ చాలాసార్లు జరిగాయి. విదేశీ పైలట్లూ వచ్చి ఎగురుతారు. మరి ఫలితాల లిస్టులో పైన విదేశీ పేరుంటే టైటిల్ ఎవరికి? స్టూడియోలో ఒక స్కోరర్ మేడమ్, ఒక పైలట్ ఉన్నారు. సార్, ముందు ఇది చెప్పండి. ఎక్కువ దూరం పోయినవాడే ఛాంపియనా?

పైలట్: కాదండీ. 2012లో ఇదే టెక్సస్‌లోని జపాటా నుంచి పైలట్ డస్టిన్ మార్టిన్ 764 కిలోమీటర్లు ఎగిరాడు. అదే రోజు జానీ డ్యురాండ్ 761 దగ్గర దిగాడు. అది రికార్డుల లెక్క. పోటీలో ఏ రూటో, గోల్ ఎక్కడో టాస్క్ కమిటీ ఆ రోజే చెబుతుంది, ఆ రోజు రేసునే టాస్క్ అంటాం. టర్న్‌పాయింట్లన్నీ, అంటే దారిలో తాకాల్సిన గుర్తులన్నీ, తాకినట్టు మన జీపీఎస్ లాగ్‌లో కనబడాలి. గోల్‌కి తక్కువ టైమ్‌లో చేరాలి.

యాంకర్: అంటే రోజూ గెలిస్తే చాలు.

స్కోరర్: పోటీ కొన్ని రోజులు సాగుతుంది, అన్ని రోజుల పాయింట్లూ కలుపుతాం. కాబట్టి ఏ రోజు గెలిచారన్నది కూడా చూడాలి. మేం స్కోర్ లెక్కించే గ్యాప్ ఫార్ములాలో మంచి రోజున గరిష్ఠం 1000 పాయింట్లు. గాలి సరిగ్గా లేక అందరూ దగ్గర్లోనే దిగిపోతే ఆ రోజు విలువే తగ్గిపోతుంది. విలువ 0.4 అయిందనుకోండి, గెలిచినా 400 దాటవు. 1000 పాయింట్ల రోజున దారిలో దిగిపోయినవాళ్లు ఇలాంటి రోజు ఎంత బాగా ఎగిరినా ఆ లోటు పూడటం కష్టం.

పైలట్: బాంబవుట్ అయితే, అంటే మొదట్లోనే దిగిపోతే, అంతే సంగతులు. గోల్‌కి ముందు వేరియో, అంటే ఎంత వేగంగా పైకి వెళ్తున్నామో కూసి చెప్పే పరికరం, నీరసంగా కూస్తుంటుంది, గాలి పైకి తీసుకెళ్లేది సెకనుకి అర మీటరే. గుంపు ముందుకెళ్లిపోతుంది. అప్పుడు ఆగి ఎత్తు తీసుకోవాలా, వాళ్ల వెంట పడాలా? టెన్షనంతా అక్కడే.

స్కోరర్: ఆ టెన్షన్‌కి లెక్క కూడా ఉంది. స్పీడ్ సెక్షన్, అంటే టైమ్ లెక్కించే భాగం, పూర్తి కాకపోతే టైమ్ పాయింట్లు ఒక్కటీ రావు. పూర్తి చేసినా, మొదటివాడికి గంట పట్టిన టాస్క్‌లో మీకు రెండు గంటలు పడితే సున్నానే. అతనికి నాలుగు గంటలు పడితే ఆరు గంటల దగ్గర సున్నా. మొదటి నిమిషాల ఆలస్యానికే కోత ఎక్కువ.

యాంకర్: సరే, అసలు ప్రశ్నకి వద్దాం. టైటిల్?

స్కోరర్: ఓపెన్ నేషనల్స్‌లో మామూలు పద్ధతి ఏమిటంటే, పోటీ విజేత ఎవరైనా కావచ్చు, టైటిల్ మాత్రం లిస్టులో అందరికన్నా పైన ఉన్న స్వదేశీ పైలట్‌కి. కొన్ని దేశాలు ఒక్క పోటీతో సరిపెట్టకుండా సీజన్‌లో మంచి స్కోర్లు కూడతాయి.

యాంకర్: మరి విదేశీయుల్ని తీసేసి మళ్లీ లెక్కిస్తే సరిపోదా?

స్కోరర్: అక్కడే చిక్కు! విదేశీయుడి టైమే బెస్ట్ అయితే మిగతా అందరి టైమ్ పాయింట్లూ దాన్నుంచే కొలుస్తాం. అతన్ని తీసేస్తే కొలత మారుతుంది, రోజు విలువా మారవచ్చు. మొత్తాలు దగ్గర దగ్గరగా ఉన్న ఇద్దరు స్వదేశీయుల స్థానాలు తారుమారయ్యే అవకాశం ఉంది.

పైలట్: అందుకే నేనొప్పుకోను. గాల్లో వాళ్లతో కలిసే రేసు చేశాం కదా! ముందున్న థర్మల్, అంటే పైకి లేచే వేడి గాలి, ఎక్కడుందో వాళ్లని చూసే తెలుసుకున్నాం, రిస్కు కూడా వాళ్లని చూసే తీసుకున్నాం. లేని రేసుకి స్కోర్ వేస్తారా?

స్కోరర్: నిజమే. కానీ ఒక విదేశీయుడు కావాలనే తన స్నేహితుడికి దారి చూపిస్తే?

పైలట్: చూపిస్తారు, ఎవరాపగలరు? లాగ్‌లో మనసులో మాట కనబడదుగా. దానికి భయపడి మంచి పైలట్లని రానివ్వకపోతే మనవాళ్ల స్థాయే పడిపోతుంది.

యాంకర్: రూల్ ఎప్పుడు తేలాలి మేడమ్?

స్కోరర్: మొదటి టాస్క్‌కి ముందే కాగితం మీద ఉండాలి. లిస్టు చూశాక ఏ పద్ధతి పెట్టినా, ఓడినవాళ్లు ప్రొటెస్ట్ ఫీజు పట్టుకుని నా టేబుల్ దగ్గరికే వస్తారు.