మీ కంపోస్టు డబ్బాలో పప్పెక్కువ, అన్నం తక్కువ!

[టేబుల్ మీద 20 లీటర్ల పెయింటు బకెట్, పక్కన ఎండుటాకుల గోనెసంచి]

"కంపోస్టు అంటేనే కంపు కదండీ, కొట్టక ఏం చేస్తుంది?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పేరులో ఉన్నంత మాత్రాన డబ్బాలో ఉండక్కర్లేదు. సరిగ్గా మాగుతున్న డబ్బా మూత తీస్తే తొలకరికి తడిసిన మట్టి వాసనే రావాలి. ముక్కు మూసుకోవాల్సి వచ్చిందంటే అక్కడ ఎరువు తయారవట్లేదు, కూరగాయలు కుళ్లుతున్నాయి.

చాలామంది తొక్కలు, తొడిమలు, టీ పిప్పి పొల్లుపోకుండా తెచ్చి వేస్తారు. మరి ఎండుటాకులో? "ఆ, ఓ గుప్పెడు వేశామండీ" అంటారు. కంచం నిండా పప్పు పోసుకుని నాలుగు మెతుకులు అన్నం పెట్టుకుంటే కలుస్తుందా? వంటింటి చెత్త పప్పు, ఎండుటాకులు అన్నం. ఇదొక్కటి గుర్తుంటే చాలు.

లెక్క ఇదీ. చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు 1 పాలు నైట్రోజన్‌కి 25 నుంచి 30 పాళ్లు కార్బన్ కావాలి. కూరగాయల తొక్కల్లో ఉండేది 15, 20 పాళ్లే. ఎండుటాకుల్లో 50కి అటూ ఇటూ. అందుకే ఒక గిన్నె తడి చెత్త వేస్తే, అదే గిన్నెతో రెండు గిన్నెలు నలిపిన ఎండుటాకులు వేయాలి. ఏ రోజుకా రోజే వేయాలి. వారానికోసారి ఒకేసారి వేస్తామంటే కుదరదు.

[క్లోజప్: పిడికిలి]

ఇప్పుడు తడి. డబ్బా మధ్యలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ముద్ద కట్టి, వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే అది పప్పన్నం. మీ డబ్బా బాగున్నట్టే. ధారగా కారిందా, చారన్నం. నీళ్లు సందులన్నీ నింపేసి గాలి ఆడనివ్వవు, కుళ్లిన గుడ్డు వాసన మొదలవుతుంది. ఆకులు వేసి అడుగుదాకా తిరగేయండి. అదే కళ్లు మండేలా అమోనియా ఘాటు వస్తే తడి సంగతి కాదు, పప్పే ఎక్కువైంది. దానికీ మందు ఆకులే. పిడికిలి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే ఒట్టి మెతుకులన్నమాట. మనకి గొంతు దిగనట్టే సూక్ష్మజీవులకీ దిగదు, నెలలు గడిచినా ఏమీ మారదు. గ్లాసుడు నీళ్లు చిలకరించండి.

ఇక డబ్బా తయారీ. గాలి ఆడటానికి బకెట్ చుట్టూ నాలుగు వేళ్ల ఎడంతో 8 మిల్లీమీటర్ల రంధ్రాలు, అడుగున ఐదారు. లోపల రెండంగుళాల మందాన కొబ్బరి పీచు, కింద పళ్లెం. ఆ పళ్లెంలోకి కారే నల్ల నీళ్లకి "కంపోస్ట్ టీ" అని పేరు పెట్టి సీసాల్లో దాస్తున్నారు. టీ కాదు, పాడూ కాదు. కంచం అంచు దాటిన చారు! నేరుగా మొక్కకి పోస్తే వేళ్లు దెబ్బతింటాయి. తిరిగి ఎండుటాకుల మీదే పోసేయండి.

చెత్త త్వరగా మాగాలని వేసే స్టార్టర్ పొడులు కొనాలా? అక్కర్లేదు. పాత కంపోస్టు గుప్పెడు చాలు, లేదంటే పుల్ల మజ్జిగ.

సిటీలో ఆకులెక్కడివంటారా? మాఘ, ఫాల్గుణాల్లో వేప, కానుగ చెట్లు ఆకు రాలుస్తాయి. వీధిలో ఊడ్చి కుప్పపోసి అగ్గిపుల్ల గీస్తున్నారే, ఆ కుప్పే మీ ఏడాది అన్నం. నాలుగు గోనెసంచులు నింపి వాన తగలని చోట పెట్టుకోండి. రంపపు పొట్టు కొంచెం కలపొచ్చు గానీ ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది.

టైమైపోతోంది, మిగతావి గబగబా. నూనె కూరలు, మాంసం, చేపలు వేస్తే ఎలుకలొస్తాయి. టీ పిప్పి కడిగి వేయండి, లేదంటే పంచదారకి చీమలు. గుడ్డు పెంకులు పొడి చేయండి. మామిడి టెంకలు వద్దు, ఏడాదైనా అలాగే ఉంటాయి. తెల్ల బూజు మంచిదే. లావుపాటి, గోధుమరంగు పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, మీ పని అవే చేసిపెడతాయి. ఈగగా మారాక మన తిండి మీద వాలవు.

వారానికి రెండుసార్లు తిరగేయండి. బకెట్ వేడెక్కలేదని బెంగ వద్దు, 55 డిగ్రీలు రావాలంటే గజం పొడవు, వెడల్పు, ఎత్తున్న కుప్ప ఉండాలి. ఆ వేడి లేకే టమాటా గింజలు చావక కుండీల్లో మొలుస్తాయి. నచ్చితే ఉంచుకోండి!

బకెట్ నిండాక 60 నుంచి 90 రోజులు. పూర్తిగా మాగని పచ్చిది కుండీలో వేస్తే మట్టిలోని నైట్రోజన్‌ని సూక్ష్మజీవులే లాగేసుకుంటాయి, మొక్క ఆకులు పసుపెక్కుతాయి. అందుకని జల్లించి, ఒక కప్పులో ఆ కంపోస్టు నింపి, పది మెంతి గింజలు వేసి తడపండి. నాలుగైదు రోజుల్లో ఎనిమిదైనా మొలిస్తే 12 అంగుళాల కుండీకి రెండు గుప్పెళ్లు, నెలకోసారి. మొలవలేదా, మూత పెట్టి ఇంకో పదిహేను రోజులు ఆగండి.