పారదర్శకమైన పూత మందాన్ని కాంతి ఎలా కొలుస్తుంది?

[దృశ్యం: విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్. జెట్టీ పక్కన నీటి మీద డీజిల్ తెట్టు. కెమెరా బాగా దగ్గరికి.]

నమస్కారం. ఈ నీటి మీది రంగులు చూడండి. మరపడవల నుంచి కారిన డీజిల్ ఇది. ఈ ఊదా, ఆకుపచ్చ, బంగారు వన్నెలు డీజిల్‌వి కావు. నీటి మీద పరుచుకున్న పొర మందం వాటిని పుట్టిస్తోంది. అల తగిలి పొర పల్చబడిన చోటల్లా రంగు ఎలా మారిపోతోందో గమనించండి. రంగును బట్టి మందం తెలుసుకోవచ్చన్నమాట.

[దృశ్యం: గాజువాకలో కారు పెయింటింగ్ షెడ్డు.]

ఈ కారు రంగు మీద క్లియర్ కోటు ఉంది. మన ఊరి ఎండ నుంచి, ఉప్పుగాలి నుంచి అడుగున ఉన్న రంగును కాపాడేది అదే. మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. షెడ్డులో వాడే అయస్కాంత మీటరును ఇనుప డోరుకు ఆనిస్తే అన్ని పూతలనూ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. అందులో క్లియర్ కోటు ఎంతో విడిగా చెప్పదు. ప్లాస్టిక్ బంపరు మీద అసలు పనిచేయదు. కాంతి సాయం కావలసింది ఇక్కడే.

[యానిమేషన్: పూత మీద పడుతున్న కాంతి కిరణం.]

పూత పైతలం నుంచి కొంత కాంతి వెనక్కి వస్తుంది. కొంత లోపలికి వెళ్లి, అడుగు తలాన్ని తాకి తిరిగి వస్తుంది. రెండోది ఎక్కువ దూరం నడిచింది కాబట్టి వెనకబడుతుంది. రెండు తరంగాల శిఖరాలు కలిస్తే వెలుగు పెరుగుతుంది, శిఖరం లోయతో కలిస్తే తగ్గుతుంది. దీన్నే వ్యతికరణం అంటారు. కళ్లజోడు అద్దం మీద ఊదా మెరుపు చూశారా? గాజు మీద మెగ్నీషియం ఫ్లోరైడ్‌ను దాదాపు 100 నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు) మందంలో వేస్తే, 550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఆకుపచ్చ కాంతి పరావర్తనం బాగా తగ్గిపోతుంది. మిగిలిన ఎరుపు, నీలం కలిసి ఊదాగా కనిపిస్తాయి.

[తెరపై: అలల్లా లేచి పడుతున్న వక్రరేఖ.]

పరికరం పని ఇదే. తెల్లని కాంతిని పూత మీదికి పంపి, తిరిగి వచ్చినదాన్ని స్పెక్ట్రోమీటరుతో రంగులుగా విడదీస్తుంది. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెలుగు తిరిగి వచ్చిందో ఈ వక్రరేఖ చూపిస్తుంది; వెలుగు ఎక్కువగా ఉన్న చోట్లే దాని శిఖరాలు. పక్కపక్క శిఖరాలు రెండు 600, 500 నానోమీటర్ల దగ్గర వచ్చాయనుకుందాం. ఆ రెండింటినీ గుణిస్తే 3,00,000. దాన్ని వాటి తేడా 100తోను, వక్రీభవన గుణకానికి (ఆ పదార్థంలో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) రెట్టింపుతోను భాగించాలి. గుణకం 1.5 అయితే జవాబు 1,000 నానోమీటర్లు, అంటే ఒక మైక్రాన్. పూతను గీకనక్కర లేదు, తాకనక్కర కూడా లేదు. ఎంత ముచ్చటైన పద్ధతో చూడండి!

మందం పెరిగేకొద్దీ శిఖరాలు ఒత్తుగా వస్తాయి. 10 మైక్రాన్ల పూతకు 550 దగ్గర వాటి ఎడం 10 నానోమీటర్లు, 50 మైక్రాన్లకు రెండే. అంత సన్నని తేడాను స్పెక్ట్రోమీటరు పట్టుకోగలగాలి. అడుగు తలం గరుకుగా ఉంటే శిఖరాలు చెరిగిపోతాయి. అలాంటి మందపాటి పూతలకు ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) పద్ధతి మేలు. లోపలి పొరల నుంచి తిరిగి వచ్చే కాంతి ఆలస్యాన్ని బట్టి అది వాటి లోతు కనుక్కుంటుంది. కంటి ఆసుపత్రిలో రెటీనా పొరలను చూసే యంత్రానిదీ ఇదే సూత్రం. కొద్ది నానోమీటర్ల పల్చని పొరలకైతే ధ్రువిత కాంతితో (కంపనాలు ఒక క్రమంలో ఉండే కాంతితో) పనిచేసే ఎలిప్సోమీటరు వాడతారు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. ఈ పరికరం నేరుగా మందాన్ని కొలవదు. పూతలో కాంతికి పట్టిన ఆలస్యాన్ని కొలుస్తుంది. ఆ ఆలస్యం మందం మీదే కాదు, వక్రీభవన గుణకం మీద కూడా ఆధారపడుతుంది. ఇందాకటి లెక్కలో అసలు గుణకం 1.6 అయితే, ఒక మైక్రాన్ అని మనం నమ్మిన పూత నిజానికి సుమారు 0.94 మైక్రాన్లే. శిఖరాలు అవే, పరికరంలో లోపమూ లేదు. మనం ఇచ్చిన గుణకమే తప్పు. ఓసీటీకైనా ఈ చిక్కు తప్పదు. అందుకే పూత మందం రిపోర్టు చేతికి వచ్చినప్పుడు, ఏ గుణకంతో లెక్క కట్టారో అందులో రాశారా అని చూడండి. రాయకపోతే అడిగి రాయించుకోండి.