వెనక బెంచీ దాకా నాటకం

అందరికీ నమస్కారం. ఇక్కడ ఉపాధ్యాయులున్నారు, రంగస్థలం మనుషులున్నారు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులున్నారు. ఏ బడికి వెళ్లినా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "అంత పాత నాటకాలు ఈ పిల్లలకు ఎక్కుతాయా అండీ?" ఎక్కుతాయి. నేను కళ్లారా చూశాను.

గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన ‘యాంటిగొని’ సుమారు 2,400 ఏళ్ల నాటిది. యుద్ధంలో చనిపోయిన యాంటిగొని తోడబుట్టినవాణ్ణి మట్టి చేయకూడదని రాజు క్రియోన్ ఆజ్ఞ. యాంటిగొని వినదు. ఎవరో ఆజ్ఞ మీరారన్న కబురు రాజుకు చెప్పడానికి ఒక కాపలావాడు వస్తాడు. దారి పొడవునా ఆగి ఆగి, వెనక్కి పోదామా అనుకుంటూ వచ్చానని వాడే చెప్పుకుంటాడు. ఒక క్లాసులో ఆ వేషం వెనక బెంచీలో కూర్చునే అమ్మాయికి ఇచ్చాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. మొదటిసారి పాఠం అప్పజెప్పినట్టు గడగడా చదివేసింది. "హెడ్మాస్టర్ గదికి చెడ్డ కబురు మోసుకెళ్లేది నువ్వేనమ్మా, నడు" అన్నాను. లేచింది. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి చూసింది. అరచేతుల చెమట బట్టలకు తుడుచుకుంది. అప్పుడు నోరు తెరిచింది. క్లాసంతా నవ్వింది. క్రియోన్ వేషం కట్టిన అబ్బాయి గొంతు పెంచగానే ఆ నవ్వు ఆగిపోయింది. అధికారం ముందు మనిషి ఎలా ఉంటాడో నేను వివరించాల్సిన పని లేకపోయింది.

మనం చేసే తప్పు ఏమిటంటే, నాటకానికి ముందే సారాంశం చెప్పేస్తాం, తర్వాత ప్రశ్నలు, మార్కులు. నాటకం నోటితో చదవాల్సింది, నిలబడి చదవాల్సింది. మొత్తం అక్కర్లేదు, పది నిమిషాల సీను చాలు. భాష మాత్రం పిల్లలు పలకగలిగేదిగా ఉండాలి.

1932లో స్పెయిన్‌లో కవి లోర్కా యూనివర్సిటీ విద్యార్థులతో ‘లా బర్రాకా’ అనే సంచార బృందం నడిపాడు. విప్పి మళ్లీ బిగించుకునే వేదికను ఊరి కూడళ్లకు తీసుకెళ్లి సెర్వాంటెస్, లోపే దె వేగా నాటకాలు ఆడారు. అప్పటికే 300 ఏళ్ల నాటి నాటకాలవి. దక్షిణాఫ్రికాలోని రాబెన్ దీవి జైల్లో ఖైదీలు ‘యాంటిగొని’ ఆడినప్పుడు క్రియోన్ వేషం వేసింది నెల్సన్ మండేలా.

ఒక్క విషయంలో మాత్రం నాకు బాధ ఉంది. నాటక బృందం బడికి వస్తుంది, ఆడుతుంది, ఫోటోలు దిగుతుంది, సామాను వ్యానులో వేసుకుని వెళ్లిపోతుంది. మేమూ చాలా ఏళ్లు అదే చేశాం. ఇప్పుడు ప్రదర్శనకు ముందోసారి వెళ్లి పిల్లలతో ఒక సీను చదివిస్తున్నాం. అయ్యాక మరోసారి వెళ్లి, మేం మాట్లాడకుండా వాళ్లు చెప్పేది వింటున్నాం.

గ్రీకుల కాలంలో కోరస్‌లో, అంటే కథ మధ్యలో కలిసి పాడుతూ మాట్లాడే గుంపులో, నిలబడింది వృత్తి నటులు కాదు, ఏథెన్స్ పౌరులే. సోఫోక్లీస్ కోరస్‌కు 15 మంది. ‘యాంటిగొని’లో ఆ కోరస్ నగర పెద్దలది. అందుకే ఈసారి మా ‘యాంటిగొని’లో రాజూ యాంటిగొనీ విద్యార్థులు, కోరస్ మాత్రం ఇక్కడి పెద్దవాళ్లు. 11 మంది దొరికారు. ఇంకో నలుగురు కావాలి. అనుభవం అక్కర్లేదు, రిహార్సల్స్‌కు వస్తే చాలు. సభ అయ్యాక పక్క గదిలో ఉంటాను, వచ్చి పేరివ్వండి.