అత్తయ్యగారి మందుల సీసాల బ్యాండు

హాయ్ అండీ, మిషిగన్ నుంచి. ఇది వంట వీడియో కాదు, అయినా రాగులు, బియ్యం, కందిపప్పు అన్నీ టేబుల్ మీదకు వచ్చేశాయి, చూస్తున్నారుగా. మా అత్తయ్యగారికి పార్కిన్సన్స్, అంటే చేతులు వణికి, నడక మందగించే నరాల జబ్బు అని పాత వీడియోలు చూసినవాళ్లకు తెలుసు. జనవరిలో ఇక్కడ బయట నడక కుదరదు, ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే లేవరు. సీనియర్ సెంటర్‌లో మ్యూజిక్ థెరపిస్ట్‌ని, అంటే సంగీతంతో చికిత్స చేసేవారిని అడిగితే, వాయిద్యాలు ఆవిడ చేతే చేయించండి, కొని తేకండి అన్నారు. అన్నట్టు, మ్యూజిక్ థెరపీకి డిగ్రీ కోర్సు 1944లోనే మా మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో మొదలైంది.

ముందు గిలక్కాయలు. ఖాళీ మందుల సీసాలకు మా ఇంట్లో కొదవేముంది! లేబుల్ గోటితో పీకడం, స్పూన్‌తో గింజలు పోయడం, మూత నొక్కి తిప్పడం, ఇదంతా వేళ్లకు పనే. పావు వంతు పోస్తే చాలు, నిండా నింపితే గింజలు కదలవు, చప్పుడే రాదు. రాగులు సరసరమంటాయి, కందిపప్పు గలగలమంటుంది. ఆవిడకి రెండూ నచ్చలేదు, "ఎండు బఠాణీలు పొయ్యవే అమ్మాయ్, కాస్త గోల ఉండాలి" అన్నారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మూతకి గమ్ పెట్టి అతికించేయండి, గింజ గొంతులో పడితే ప్రమాదం.

తర్వాత జలతరంగం. పింగాణీ గిన్నెల్లో నీళ్లు పోసి చెక్క గరిటెతో మెల్లగా తట్టాలి, నీళ్లు పెరిగేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. మా వాడు సీసాలో నీళ్లు పోసి మూతి మీద ఊది, "ఇదేంటమ్మా, నీళ్లు పోస్తుంటే పైకి వెళ్తోంది?" అన్నాడు. తట్టినప్పుడు కంపించేది గిన్నె, నీళ్ల బరువుకి దాని ఊపు నెమ్మదిస్తుంది. ఊదినప్పుడు మోగేది లోపలి గాలి, నీళ్లు పెరిగితే గాలికి చోటు తగ్గి స్వరం పెరుగుతుంది. నేనూ మా వాడూ ఇలా వాదించుకుంటుంటే అత్తయ్యగారు స్పూన్‌తో కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ, తీస్తూ, సా, పా కుదిరేదాకా గిన్నెలు వదల్లేదు. సగం నీళ్లు టేబుల్ మీదే, టవల్ రెడీగా పెట్టుకోండి.

బ్లూటూత్ స్పీకర్‌లో పాటలు పెడితే సరిపోదా అని కామెంట్లు వస్తాయి, తెలుసు. పాటలు వినడం మంచిదే, కానీ విన్నంత మాత్రాన వేళ్లు కదలవు కదా. ఒకే తాళంలో నేను సీసా ఊపుతుంటే ఆవిడ దానికి తగ్గట్టు అడుగులు వేస్తారు, పార్కిన్సన్స్ వాళ్లకు నిలకడైన తాళం నడకలో సాయపడుతుంది. పక్కన మాత్రం ఒక మనిషి ఉండాలి. చేతి వణుకు తగ్గిందా అంటే లేదు, అలా నేను చెప్పను. ఇది థెరపిస్ట్ చెప్పిన ఇంటి పని మాత్రమే, ఎవరికి ఏది పనికొస్తుందో వాళ్లే చూసి చెప్పాలి.

ఇప్పుడు ఆవిడకి డప్పు కావాలట. కాఫీ డబ్బా మీద ప్యాకింగ్ టేప్ అడ్డంగా, నిలువుగా నాలుగైదు పొరలు బిగుతుగా లాగి అతికిస్తే బాగానే మోగుతుంది. మావయ్యగారు ఇప్పటినుంచే బెడ్‌రూమ్ తలుపు వేసుకుంటున్నారు. ఉంటానండీ, బై!