చైనా పిల్లల ఇంగ్లిష్ పేపర్ మన పిల్లలకి పనికొస్తుందా? వినే భాగం, చదివే భాగం రివ్యూ

నమస్కారం అండీ. చైనాలో మన ఇంటర్ వయసు పిల్లలు యూనివర్సిటీ సీటు కోసం రాసే పరీక్ష గావోకావ్. చాలా ప్రావిన్సుల్లో వాడే జాతీయ ఇంగ్లిష్ పేపర్‌కి 150 మార్కులు, టైమ్ 120 నిమిషాలు. వినడానికి 30, చదివి అర్థం చేసుకోవడానికి 50. సగానికి పైగా మార్కులు ఈ రెండింటిలోనే ఉన్నాయి. ఒక పాత పేపర్ తీసుకుని, టైమ్ పెట్టుకుని ఆ రెండు భాగాలూ చేశాను.

ముందు వినే భాగం. పేపర్ తెరవగానే ఒక నమూనా ప్రశ్న ఉంటుంది: చొక్కా ధర ఎంత? జవాబు 9 పౌండ్ల 15 పెన్స్, ఆప్షన్ సి. ఏళ్ల తరబడి అదే చొక్కా, అదే ధర. ఈ పరీక్ష రాసినవాళ్లకి అది నోటికొచ్చు.

అసలు ప్రశ్నలు 20, ఒక్కోటి ఒకటిన్నర మార్కు. మొదటి 5 చిన్న సంభాషణలు ఒక్కసారే వినిపిస్తారు. జవాబు రాసి, తర్వాతి ప్రశ్న చదువుకోవడానికి కలిపి 10 సెకన్లు. అక్కడే నాకు టెన్షన్ వచ్చింది. జవాబు గురించి ఆలోచిస్తూ ఉంటే తర్వాతి మాటలు దాటిపోతాయి. ఆ తర్వాతవి రెండేసిసార్లు వినిపిస్తారు కాబట్టి కాస్త ఊపిరి తీసుకోవచ్చు. పరీక్ష రోజుల్లో కేంద్రాల చుట్టూ హారన్లు కొట్టొద్దని, కట్టడం పనులు ఆపమని చాలా ఊళ్లలో ఆంక్షలు పెడతారు. ఒక్కసారే వినిపించే మాట కదా, మరి!

చైనా పిల్లలకి ఇది ఎందుకు కష్టమో చూడండి. మాండరిన్‌లో అక్షరం అచ్చుతోనో, ముక్కుతో పలికే న్, ఙ్ లాంటి శబ్దంతోనో ముగుస్తుంది. అందుకే బ్యాట్, బ్యాక్, బ్యాడ్ అనే మూడు మాటల చివరి శబ్దం వాళ్ల చెవికి సరిగ్గా ఆనదు. మనదీ దాదాపు ఇదే కథ. తెలుగు అజంత భాష, అంటే మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు చేసుకున్నాం. వాక్, వాక్డ్ మధ్య తేడా మన పిల్లలకీ జారిపోతుంది. పెద్ద అంకెలు కూడా అంతే. చైనాలో పదివేలు ఒక మెట్టు, మనకి లక్ష ఒక మెట్టు. మిలియన్ అని వినగానే ఇద్దరమూ మనసులో లెక్క మార్చుకోవాల్సిందే.

ఒక లోపం చెప్పాలి. ఆడియో మరీ శుభ్రంగా ఉంది. గొంతులు స్పష్టం, వేగం తక్కువ, వెనక ఏ చప్పుడూ లేదు. ఇందులో మంచి మార్కులు వచ్చినా, విమానాశ్రయంలో అనౌన్స్‌మెంట్ అర్థమవుతుందని నేను చెప్పలేను.

ఇక చదివే భాగం. నాలుగు పాఠాలకి 15 ప్రశ్నలు, ఒక్కోటి రెండున్నర మార్కులు. మొదటిది ప్రకటన లాంటిది, సులువు. పోను పోను బరువెక్కుతుంది. పొడుగు వాక్యాల్లోనే అసలు చిక్కు. 'నిన్న నా సైకిల్ బాగుచేసిన అబ్బాయి' అని మనం అంటాం. అబ్బాయి చివర వస్తాడు. చైనీస్‌లోనూ అంతే, వివరం ముందు, మనిషి తర్వాత. ఇంగ్లిష్‌లో అబ్బాయి ముందే వచ్చేస్తాడు, వివరం వెనక వస్తుంది. ఆ వివరం రెండు లైన్లు సాగితే ఎవరి గురించి చదువుతున్నామో మర్చిపోతాం. ఇలాంటి వాక్యం కనిపిస్తే పెన్సిల్‌తో ఆ మనిషి కింద గీత పెట్టి ముందుకెళ్లమని నా సలహా.

నాకు బాగా నచ్చింది చివరి ముక్క. ఒక పాఠంలో 5 ఖాళీలు ఉంటాయి, కింద 7 వాక్యాలు ఇస్తారు. ఐదు ఎంచుకోవాలి, రెండు మిగిలిపోతాయి. పదాల అర్థాలు బట్టీపట్టినంత మాత్రాన ఇది రాదు. ముందు వాక్యం ఏం చెప్పింది, తర్వాతది ఎక్కడ అందుకుంది అని చూడాలి. ఒకటి తప్పు పెడితే ఇంకోటి కూడా తప్పే అవకాశం ఎక్కువ, అది కాస్త కఠినం. అయినా చదవడం నేర్పేది ఇలాంటి ప్రశ్నే అని నేను గట్టిగా నమ్ముతాను. ఇంగ్లిష్ చెప్పే మాస్టార్లు, టీచరమ్మలు ఎవరైనా చూస్తుంటే, మీ పాఠ్యపుస్తకంలోని ఏ పాఠంతోనైనా ఇలాంటిది పది నిమిషాల్లో తయారుచేసుకోవచ్చు.

పదో తరగతి, ఇంటర్ పిల్లలు వారానికి ఒక పేపర్ చేస్తే చాలు. మొదటి 5 సంభాషణల దగ్గర మాత్రం ఆడియో ఆపకండి, వెనక్కి తిప్పకండి. తప్పులు చూసుకున్నాక, ఆడియోలోని మాటలు రాసి ఉన్న పేజీ చూస్తూ రెండోసారి వినండి. ఏ శబ్దం జారిపోయిందో అప్పుడు తెలుస్తుంది.