గులాబీ మాత్ర

శ్రోతలకు నమస్కారం.

మన విజయనగరం జిల్లా శృంగవరపుకోట మండలంలో దారపర్తి పంచాయతీ ఉంది. కొండల మీది ఊళ్లు. నిండుచూలాలిని డోలీ కట్టి కిందికి మోసుకొచ్చే ఫొటోలు మీరు పేపర్లో చూసే ఉంటారు, ఆ దారులే. ఆ వైపు కొండలకి అప్పుడప్పుడూ ఆదివారాలు మందుల పెట్టెలు పట్టుకుని ఎక్కే డాక్టర్లతో పాటు నేనూ వెళ్తుంటాను. నేను డాక్టర్ని కాను. ముప్పయ్యేళ్లు మందుల షాపులో నిలబడ్డవాణ్ణి. క్యాంపులో నా పని చీటీ చూసి మాత్రలివ్వడం.

మలేరియా గురించి, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు పరీక్షల కోసం 2023 జూలైలో కేంద్రం మొదలెట్టిన కార్యక్రమం గురించి చాలా రాసుకొచ్చాను. నాకిచ్చిన సమయానికి ఒక్క ముసలమ్మ కథే పడుతుంది. అదే చెబుతాను.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ బీపీ చూస్తే పైది 180. అరుగు మీద కూచోబెట్టి డాక్టరుగారు మాత్ర రాశారు. నా పెట్టెలో కంపెనీలవాళ్లు ఇచ్చిన శాంపిళ్లున్నాయి. గులాబీ రంగు మాత్రలు. నెలకి సరిపడా ఇచ్చాను. "రోజుకొకటమ్మా, మానకూడదు" అన్నాను. చీర కొంగున ముడేసుకుని, "అయిపోనాక ఏటి సెయ్యాల బాబూ?" అంది. "ఆశా అమ్మాయిని అడుగు, ఇస్తాది" అనేసి జీపు దగ్గరికి దిగిపోయాను.

మూడు నెలలకి మళ్లీ ఎక్కాం. బీపీ 190. మాత్రలేవమ్మా అంటే లోపలికెళ్లి చూరులోంచి ఒక పొట్లం తీసింది. తెల్లమాత్రలు, ఒక్కటీ ముట్టలేదు. ఆశా అమ్మాయి పాపం అడవిలో నడిచొచ్చి ఇచ్చిన మాత్రలవి.

"ఇయ్యి నాయి కావు బాబూ. నాయి గులాబీయి. నువ్వే కదేటి, మానొద్దన్నావు? గులాబీయి దొరకనేదు, మరి మానీసినాను."

ఎవరినని తిట్టుకోను? ఆవిడ నేను చెప్పినట్టే చేసింది. మాత్రేదో సరిగా చూసుకునే మనిషి ఆవిడ. బజార్లో మనం అంత చూస్తామా? తప్పు నాది. సర్కారు ఆస్పత్రిలో దొరికే రంగేదో కనుక్కోకుండా ఊరికే వచ్చింది కదా అని శాంపిళ్లు పంచేశాను.

రెండింట్లో ఉన్నదీ ఒకటే మందని చెప్పాను. నమ్మలేదు. ఆశా అమ్మాయిని పిలిపించాం. ఆమె పక్కన కూచుని, "అప్పా, బియ్యం పాలిష్ పట్టినా, దంపినా బియ్యమే కదా" అంది. అప్పుడు నవ్వింది ముసలమ్మ. నా చదువంతా ఆ మాట ముందు ఏపాటి చెప్పండి!

అందుకని కొండకెళ్లే డాక్టర్లకీ కుర్రాళ్లకీ నేను చెప్పేది ఒక్కటే. వెళ్లేముందు ఆ ఊరి ఏఎన్ఎంకి ఫోన్ చేయండి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీకీ షుగరుకీ ఏ మాత్రలున్నాయమ్మా అని అడగండి. అవే రాయండి, అవే ఇవ్వండి. మళ్లీ చెబుతున్నాను, మీరు దిగిపోయాక దొరికే మాత్రలే ఇవ్వండి. దిగేటప్పుడు ఎవరికేమిచ్చారో ఒక కాగితం మీద రాసి ఆశా చేతిలో పెట్టండి. పెద్ద ఖర్చేం కాదు, ఒక ఫోనూ ఒక కాగితమూ.

పోయిన నెల మళ్లీ వెళ్లాం. ఆవిడ కొంగుముడి విప్పి చూపించింది. తెల్లమాత్రలు ఆరే మిగిలాయి. వాటి పక్కనే ఖాళీ గులాబీ అట్టముక్క మడతపెట్టి దాచుకుంది. అదెందుకమ్మా అన్నాను.

"నువ్వు మళ్లీ రంగు మారిస్తే సూపించడానికి."

నమస్కారం.