ఇంటిపేరు ఏ గడిలో రాయాలి? నా మొదటి యూజర్ స్టోరీ

నమస్తే అండి. ఈరోజు యూజర్ స్టోరీ, అంటే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఏం కావాలో, ఎందుకు కావాలో చెప్పే చిన్న వాక్యం, ఎలా రాయాలో చూద్దాం. ఉదాహరణకి నేను మొట్టమొదట రాసి, తిట్లు తిని, మళ్లీ రాసిన స్టోరీనే తీసుకుంటున్నాను.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది తెనాలి. బీకాం అయ్యాక అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర ఒక సందులో మాన్యువల్ టెస్టింగ్ కోర్సు చేశాను. మూడేళ్లు టెస్టర్‌గా పనిచేశాక పాప పుట్టింది, రెండేళ్లు గ్యాప్ వచ్చింది. మళ్లీ ఇంటర్వ్యూలకి వెళ్తే, చేసిన ప్రాజెక్టుల కన్నా "పాపని ఎవరు చూసుకుంటారు" అన్నదే ఎక్కువసార్లు అడిగారు. అదే నెలలో మా ఆయన కూడా ఉద్యోగం మారారు. ఆయన్ని ఆ ప్రశ్న ఒక్కళ్లూ అడగలేదు, పాప ఇద్దరికీ పుట్టినా సరే.

చివరికి ఒక చోట జూనియర్ బిజినెస్ అనలిస్ట్‌గా, అంటే బీఏగా తీసుకున్నారు. క్లయింట్‌కి ఏం కావాలో కనుక్కుని, సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకి అర్థమయ్యేలా రాసిపెట్టే పని. మా అమ్మకి బీఏ అంటే ఇప్పటికీ డిగ్రీయే. "బీకాం చదివి మళ్లీ బీఏ ఏంటే?" అంటుంది.

సరే, పనిలోకి వద్దాం. క్లయింట్ చిన్న చిన్న లోన్లు ఇచ్చే కంపెనీ. చేరిన వారానికే కస్టమర్ వివరాల ఫారం నాకు అప్పజెప్పారు. నేను రాసింది స్క్రీన్ మీద చూడండి: "కస్టమర్ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ ఎంటర్ చేయాలి. ఆధార్‌లో పేరు, పాన్‌లో పేరు ఒకటే అయితేనే అప్లికేషన్ ముందుకు వెళ్లాలి." అంతే. చదివినవాళ్లంతా బాగుందన్నారు. టెస్టింగ్ కూడా పాసయింది. అవదా మరి, టెస్ట్ డేటాలో పేర్లన్నీ మేం పెట్టుకున్నవేగా!

గుంటూరు బ్రాంచిలో ముందుగా మొదలుపెట్టారు. మూడో రోజుకల్లా అప్లికేషన్లు కుప్పలుగా ఆగిపోయాయి. సర్వర్ సమస్యేమో అని మీటింగులో ఒకటే చర్చ. నేను బ్రాంచికి ఫోన్ చేస్తే కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి నవ్వేసింది. "మేడం, మనవాళ్లలో ఎంతమందికి రెండు కార్డుల్లో పేరు ఒకేలా ఉంటుంది?"

కారణం చూడండి. ఆధార్‌లో పేరంతా ఒకే గడి. పాన్ ఫారంలో మూడు: లాస్ట్ నేమ్, ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్. అక్కడ ఇనీషియల్స్ కుదరవు, విప్పి రాయాలి. మనం ఇంటిపేరు ముందు చెప్పుకుంటాం, దాన్ని లాస్ట్ నేమ్ గడిలో వేస్తాం. అలా ఆధార్‌లో "కె. సీతామహాలక్ష్మి" పాన్‌కి వచ్చేసరికి "సీతా మహాలక్ష్మి కొల్లి" అవుతుంది. మనిషి ఒక్కరే. నా రూలుకి మాత్రం ఇద్దరు.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. నా పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. నా లోన్‌నే ఆపే రూలు నేనే రాసుకున్నానన్నమాట.

తర్వాత రెండు పనులు చేశాను. ఒకటి, ఆగిన అప్లికేషన్లని కారణాలవారీగా లెక్కపెట్టే చిన్న ఎస్‌క్యూఎల్ క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, రాశాను. పేరు తేడావే ఎక్కువని స్క్రీన్ మీద చూపించాక సర్వర్ మాట ఇంకెవరూ ఎత్తలేదు. సెలెక్ట్, వేర్, గ్రూప్ బై... మొదటి ఏడాదికి ఎస్‌క్యూఎల్‌లో ఈ మూడు కమాండ్లు వస్తే చాలా పని నడుస్తుంది. సర్టిఫికేషన్ సంగతి కూడా అడుగుతుంటారు. ఐఐబీఏ అని బిజినెస్ అనలిస్టుల అంతర్జాతీయ సంస్థ ఉంది, వాళ్ల సీబీఏపీ సర్టిఫికెట్‌కి 7,500 గంటల అనుభవం చూపించాలి. కొత్తవాళ్లకి ఈసీబీఏ ఉంది, దానికి అనుభవం అక్కర్లేదు. నన్నడిగితే డబ్బు కట్టేముందు ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి.

ఇక రెండో పని, గుంటూరు వెళ్లి ఒక పూటంతా ఆ కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్ ఉంది. ఎవరి పేరులో ఏం తేడా, దానికి ఏ కాగితం తెచ్చారు, అన్నీ పెన్నుతో గీతలు గీసి రాసుకుంది. నేను రాయాల్సిన డాక్యుమెంట్ ఆమె అప్పటికే రాసి పెట్టేసింది!

ఇప్పుడు మార్చిన స్టోరీ చూడండి: "బ్రాంచి ఆఫీసర్‌గా నాకు, పేరు తేడా ఉన్నప్పుడు కారణం ఎంచుకుని రుజువు జత చేసే వీలు కావాలి, కస్టమర్‌ని రెండోసారి తిప్పకుండా ఉండటానికి." ఎవరికి, ఏం కావాలి, ఎందుకు, మూడూ ఉన్నాయి. నా మొదటి రెండు లైన్లలో "ఎందుకు" లేదు, "ఎవరికి" అన్నదీ తప్పే. ఫారం నింపేది కస్టమర్ కాదు, ఆఫీసర్.

దీని కింద యాక్సెప్టెన్స్ క్రైటీరియా, అంటే పని సరిగ్గా అయిందని ఒప్పుకోడానికి పెట్టుకునే షరతులు. ఒకటి: ఆధార్‌లో ఇనీషియల్, పాన్‌లో పూర్తి ఇంటిపేరు ఉండి, పుట్టిన తేదీ కలిస్తే, సబ్మిట్ నొక్కగానే అప్లికేషన్ పరిశీలనకి వెళ్లాలి. ఇంకోటి: కారణం "పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్పు" అయితే రుజువు లేకుండా సబ్మిట్ అవకూడదు, ఏ కాగితం కావాలో అక్కడే తెలుగులో కనపడాలి. మూడోది: పుట్టిన తేదీ కలవకపోతే ఆపేయాలి. ఈ ఒక్క లైన్ కోసం రిస్క్ టీమ్ సార్‌తో గంట వాదించాను. ఆయన చెప్పిందే కరెక్ట్. పేరులో తేడాని ఒప్పుకున్నప్పుడు, మనిషి అదే మనిషని చెప్పడానికి ఇంకోటేదో గట్టిగా ఉండాలిగా.

ఇక మీ వంతు. ఇంట్లో అమ్మమ్మదో నాయనమ్మదో ఆధార్, పాన్ పక్కపక్కన పెట్టి చూడండి. మన మూడు రూళ్లకీ చిక్కని తేడా ఒకటైనా దొరికే అవకాశం ఉంది. దానికి నాలుగో క్రైటీరియా రాయండి. కార్డు నంబర్లు మాత్రం ఎవరికీ పంపకండి.

నా పాన్ సంగతంటారా? ఇంకా మార్చుకోలేదండి. సాఫ్ట్‌వేర్ కొత్త బిల్డ్, అంటే కొత్త వెర్షన్, వచ్చినప్పుడల్లా మొదటి టెస్ట్ కేస్ నేనే.